చాటువును మీమును: పాలకాధిక్షేపహాస్యమునుగూర్చిన విమర్శనము

లక్ష్యము ముందు, లక్షణము వెనుక. కావ్యములు పుట్టిన పిమ్మటఁ గావ్యశాస్త్రము పుట్టినది. భాష వాడుకలో నిలిచిన పిమ్మట వ్యాకరణ మేర్పడినది. ఈ న్యాయమును సర్వులు నంగీకరింతురు. అయినను క్రొత్త లక్ష్య మొకటి కన్నులయెదుట నిలిచినపుడు దానివంకఁ జూచుటకు లాక్షణికులు సంకోచించుట వాఙ్మయచరిత్రమునఁ బలుమాఱు కానవచ్చుచున్నది. యక్షగానమును, పదమును, జానపదగేయమును చిరకాలము పండితగోష్ఠికి వెలుపలనే యుండెను. నేఁ డా స్థానమున నిలిచియున్నది సామాజిక మాధ్యమములయందలి రాజకీయహాస్యము.

శాసనసభలో నొక మంత్రి తడఁబడి పలికిన మాట ప్రొద్దు గ్రుంకకమున్నే యొక చలనచిత్రపు బొమ్మక్రిందఁ జేరి, సెల్‌ఫోనునుండి సెల్‌ఫోనునకుఁ బ్రాఁకి, పల్లెలోని రచ్చబండకును, పట్టణములోని కచేరికిని, సముద్రముల కావల నున్న తెలుఁగువారి యిండ్లకును నొక్కమాఱే చేరుచున్నది. దానిని జూచి నవ్వినవాఁడు మఱునిమేషమున దానిని మఱొకనికిఁ బంపుచున్నాఁడు. దీనికి మీమ్ అని పేరు. ఇది యేల యింతగా జనుల నాకర్షించుచున్నది? ఇందు సాహిత్యవిమర్శకుఁడు పరిశీలింపఁదగిన దేమైనఁ గలదా?

దీనినిగూర్చి రెండభిప్రాయములు ప్రచారములో నున్నవి. ఇది పనిలేనివారి యల్లరి యనియు, దీనికి సాహిత్యముతో సంబంధము లేదనియు నొక పక్షము. ఇది ప్రజల నిజమైన వాక్కనియు, దీనికి హద్దు విధించుటయే నేరమనియు రెండవ పక్షము. మొదటి పక్షము వస్తువును బరీక్షింపకయే త్రోసివేయుచున్నది. రెండవది పరీక్షింపకయే నెత్తి కెత్తుకొనుచున్నది. తెలుఁగున నిట్టి రచనకుఁ బూర్వసంప్రదాయము లేకపోలేదు. అదియే చాటుసంప్రదాయము. దానిని దీనిప్రక్క నిలిపి చూచినచో రెండు పక్షములలోని సత్యాసత్యములును దేలఁగలవు.

చాటుస్వభావము

చాటుపద్యమునకును బ్రబంధపద్యమునకును భేదము ఛందస్సులో లేదు, సందర్భములోఁ గలదు. ప్రబంధపద్యమునకుఁ గథ గ్రంథములోనే యుండును. చాటువునకుఁ గథ లోకములో నుండును. ఒక రాజు కవికిఁ గానుక యీయఁ జాగు చేసెను. ఒక యధికారి పన్నుకొఱకుఁ బీడించెను. ఒక వర్తకుఁడు తూకమున మోసము చేసెను. ఆ క్షణమున నొక పద్యము పుట్టెను. శ్రీనాథుఁడు బొడ్డుపల్లెను గుత్తకుఁ గొని, పంట యేటిపాలు కాఁగా పన్ను చెల్లింపలేక శిక్ష ననుభవించినట్లు చెప్పు పద్యము లాతని పేరఁ బ్రచారములో నున్నవి. అవి యాతనివే యగునా కాదా యనునది వేఱు చర్చ. జనులు వానిని నిలుపుకొనుటకుఁ గారణము వానిలోని యలంకారసంపద మాత్రమే కాదు. కవిసార్వభౌముఁడని పేరొందినవాని నోటనే సామాన్యరైతు పన్నుబాధ వినవచ్చుట.

వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గారలు చాటుపద్యముల కాంగ్లానువాదము గావించి 1998లోఁ బ్రకటించిన సంపుటమునకు సమయోచితపద్యమను నర్థము వచ్చు పేరు పెట్టిరి. ఆ పేరులోనే చాటులక్షణ మిమిడియున్నది. సమయము దప్పినచోఁ జాటువు లేదు. మఱియు చాటువు ముఖ్యముగా నోటివలన వ్యాపించినది. విన్నవాఁడే తరువాతఁ జెప్పువాఁ డగును. చెప్పునపుడు పద్యముతోఁ గూడ నది పుట్టిన కథనుఁ జెప్పును. కాఁబట్టి సమయస్ఫూర్తి, సంక్షిప్తత, పరంపరాప్రసారము అను నీ మూఁడును జాటువునకుఁ బ్రాణములని చెప్పవచ్చును.

ఈ మూఁడు లక్షణములును మీమునందుఁ గలవు. సమయస్ఫూర్తి యందు సందేహము లేదు. నేఁటి మీము వారము దాఁటినచో జనులకే యర్థము కాదు. సంక్షిప్తత విషయమున నొక చిత్రము గలదు. 2006లో నారంభమైన ట్విట్టరు ఒక్కొక్క సందేశమునకు 140 అక్షరస్థానముల హద్దు పెట్టినది. ఆ హద్దు 2017లోఁ బెక్కు భాషలకు 280 గా హెచ్చింపఁబడినది. ఆ మాధ్యమము పేరే 2023లో ఎక్స్ అని మాఱినది. ఈ హద్దు యంత్రశాస్త్రజ్ఞులు తమ సౌకర్యమునకుఁ బెట్టుకొన్నదే గాని రసజ్ఞులు పెట్టినది కాదు. అయినను ఫలము ఛందస్సు కలిగించు ఫలమువంటిదే యయ్యెను. కందపద్యమునకు 16 గణములు, 64 మాత్రలు. ఆ యిఱుకులో నిముడునట్లు చెప్పవలసివచ్చుటచేతనే కందము సూటియైన చురకకుఁ దగిన పద్య మయ్యెను. హద్దు లేనిచోట వాచాలత్వము పెరుగును. హద్దు గలచోట మాటకుఁ బదును వచ్చును. కవి చౌడప్ప లోభులగు దొరలను గందములతోఁ గొట్టిన కొట్టుడునకును, నేఁటి యువకుఁడు రెండు వాక్యములతో నాయకుని నిలువఁదీయుటకును మూలమునఁ గల శిల్పసూత్ర మొక్కటియే.

మీమునకు మఱొక బంధుత్వము సమస్యాపూరణముతోఁ గలదు. సమస్యయం దొక పాద మందఱికిని ముందే యీయఁబడును. మిగిలిన పాదములను బూరించి యా పాదమున కూహింపని యర్థము కల్పించుట కవి చాతుర్యము. మీమునం దందఱికిని దెలిసిన చలనచిత్రపు బొమ్మయే యీయఁబడిన పాదము. తెలుఁగుదేశమున బ్రహ్మానందముగారి ముఖమునందలి భావములు దీనికి నిధివలె నుపయోగపడుచున్నవి. ఆ యొక్క ముఖమున కొక మంత్రి ప్రకటన నొకఁడును, ప్రతిపక్షనాయకుని వాగ్దానము నింకొకఁడును, తన కచేరిలోని పై యధికారి యుత్తరువును వేఱొకఁడును జేర్చి వేర్వేఱు పూరణములు గావించుచున్నారు. బొమ్మ మాఱదు, అర్థము మాఱును. బొమ్మ నెఱుఁగనివానికి హాస్యము లేదు, సమస్యాపాదము వినని వానికిఁ బూరణపు సొగసు లేనట్లే. పేరడీకిని మూలము తెలిసిన పాఠకుఁడు కావలెనని జలసూత్రము రుక్మిణీనాథశాస్త్రిగారి రచనలు చదివినవా రెఱుఁగుదురు. కాఁబట్టి మీము చదువురానివారి యాట యనుట సరికాదు. దానికిఁ గావలసిన చదువు వేఱు, అంతియే.

ఆకర్షణకుఁ గారణములు

సమయస్ఫూర్తి యాకర్షించుట కొక మానసికకారణము గలదు. కోపమునకుఁ గాలపరిమితి స్వల్పము. అన్యాయపుమాట విన్న క్షణమున మనస్సున లేచిన వేఁడి మఱునాఁటికిఁ జల్లాఱును. పత్రికలో వ్యంగ్యచిత్రము మఱునాఁటి యుదయమున వచ్చును. మాసపత్రికలో వ్యాసము మాసాంతమున వచ్చును. గ్రంథము సంవత్సరములకు వచ్చును. సామాజిక మాధ్యమమున హాస్య మా వేఁడి యుండఁగనే వచ్చుచున్నది. మనస్సులో నున్న మాటను మఱొకఁడు తనకంటె ముందుగా, తనకంటె సొగసుగాఁ జెప్పెనన్న సంతోష మందుఁ గలదు.

రెండవది సమత్వము. పాలకుఁడు దూరమున నుండును. ఆతని చుట్టును రక్షకభటులు, వందిమాగధులు, కొలువుకాండ్రు నుందురు. సామాన్యుఁ డాతనికి నర్జీ పెట్టుకొన్నను సమాధానము రాదు. కాని హాస్య మాతనిని క్షణకాలము సామాన్యుని ప్రక్కఁ గూర్చుండఁబెట్టును. నవ్వఁబడిన పాలకునకు దేహబలమైనను, ధనబలమైనను నుపయోగపడదు. ప్రతిహాస్య మొక్కటియే సమాధానము. ఈ కారణముననే హాస్యమును సహించిన పాలకునకుఁ గీర్తియు, సహింపనివానికిఁ బునర్హాస్యమును గలుగుచున్నవి.

మూఁడవది సహకర్తృత్వము. కావ్యమును జదివినవాఁడు సహృదయుఁడు మాత్రమే యగును. మీమును జూచినవాఁడు దానిని బంపునపుడు వాహకుఁడును, మాటను మార్చినపుడు కర్తయు నగును. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాఁడు, బంగారక్క తెరమీఁదికి వచ్చినపుడు ప్రేక్షకులు కేకలు వేసి, మాట కలిపి, తమ యూరిసంగతిని గూడ నా బొమ్మలనోటఁ బలికింతురు. రామాయణకథ నడుచుచుండఁగనే యూరిపెద్దల సంగతి యందుఁ జొరఁబడును. ఆ కేకయు, ఆ కలుపుగోలుతనమును నేఁడు గాజుతెరమీఁదఁ గానవచ్చుచున్నవి.

పాలకాధిక్షేప పరంపర

పాలకులపై నవ్వుట యీ కాలపు దుర్నయమని తలఁచువారు పూర్వవాఙ్మయమును గొంచెము తిరుగవేయవలెను. 11వ శతాబ్దికిఁ జెందిన కాశ్మీరకవి క్షేమేంద్రుఁడు 'నర్మమాల'లోఁ బ్రజల సొమ్మును దిను కాయస్థుల, అనఁగా లెక్కలు వ్రాయు రాజోద్యోగుల, చేష్టలను నిర్దాక్షిణ్యముగా నపహసించెను. 'ఔచిత్యవిచారచర్చ' రచించిన యాచార్యుఁడే యీ నర్మమాల రచించుట గమనింపఁదగినది. అధిక్షేపము ఔచిత్యమునకు శత్రువని యాతఁడు తలఁపలేదు.

తెలుఁగునాఁట 16వ శతాబ్దారంభమున సిద్ధవటప్రాంతము నేలుచుండిన సంబెట గురవరాజు ధనముకొఱకుఁ బ్రజలను, స్త్రీలను సైతము, హింసించు తెఱఁగును గూచిపూఁడివారు విజయనగరమున వీరనరసింహరాయని కొలువులో వేషము గట్టి ప్రదర్శించిరనియు, దానిని జూచిన రాయలు గురవరాజును దండించెననియు మాచుపల్లి కైఫీయతు చెప్పుచున్నది. అర్జీ చేయలేని పని వేషము చేసినది. అంతేకాక యా వేషము కల్పితము గాదు. చూచిన దుర్నయమునకు రూపము గట్టినది. దానికి బలము సత్యమునుండియే వచ్చినది.

18వ శతాబ్దిలో నధిక్షేపము శతకరూపమున వెల్లివిరిసినది. కాసుల పురుషోత్తమకవి 'ఆంధ్రనాయకశతకము'న శ్రీకాకుళాంధ్రదేవుని స్తుతించుచున్నట్లే నిందించి, నిందించుచున్నట్లే స్తుతించెను. గోగులపాటి కూర్మనాథకవి 'సింహాద్రినారసింహశతకము'న యవనసేనల దాడినుండి జనులను రక్షింపని దేవుని నిలదీసెను. పోలిపెద్ది వెంకటరాయకవి 'వేణుగోపాలశతకము'న దొరలను, వారి కొలువుకాండ్రను నెత్తిపొడిచెను. దేవుని సంబోధించుట యీ కవులకుఁ గవచమువంటి దయ్యెను. చెప్పినది దేవునితో, వినవలసినవారు దేశము నేలువారు.

ఆ శతాబ్దిలోనే యింకొక యుదాహరణమును గలదు. కూచిమంచి జగ్గకవి తన్నుఁ బరాభవించిన నీలాద్రిరాజుపైఁ గక్షగట్టి 'చంద్రరేఖావిలాపము' రచించెను. అందుఁ బాండిత్యము కొఱవడలేదు. ప్రబంధమర్యాద లన్నియు వ్యంగ్యముగా ననుకరింపఁబడినవి. కాని పగ మితిమీఱి యశ్లీలమున మునిఁగినది. నేఁడా కావ్యమును జదువువాఁడు రాజు చేసిన యన్యాయమును దలఁపఁడు. కవి పలికిన బూతును దలఁచును. అధిక్షేపకావ్యము తన గుఱిని దానే మఱుగుపఱచుకొనుట కింతకంటె నిదర్శన మక్కఱలేదు.

1907లో బిపినచంద్రపాలుఁడు రాజమహేంద్రవరమునఁ బ్రసంగించినపుడు చిలకమర్తి లక్ష్మీనరసింహముగా రాశువుగాఁ జెప్పిన పద్యము భారతదేశమును బాడియావుగాను, జనులను లేఁగదూడలుగాను, ఆ దూడల మూతులు బిగించి పాలు పిదుకుకొనువారిని దొరలుగాను రూపించెను. ఆ పద్యము పత్రికల సాహాయ్య మంతగా లేకయే యాంధ్రదేశమంతటను నోటినుండి నోటికి వ్యాపించెను. తాత్కాలికమై, సంక్షిప్తమై, పరంపరచేఁ బ్రసరించి, పాలకుని గుఱి చేసిన చాటువునకు నాధునికకాలమున నిదియే పరమోదాహరణము. అందు దొరల రంగునుగాని, రూపమునుగాని నిందించుటకంటె వారి చేఁత యెక్కువగా నెత్తిచూపఁబడినది. కావుననే సందర్భము గడచినను బద్యము గడువలేదు.

స్వతంత్రభారతమున నా బాధ్యతను వ్యంగ్యచిత్రకారులు వహించిరి. 1948లో స్థాపింపఁబడిన 'శంకర్స్ వీక్లీ' ప్రధానమంత్రియైన నెహ్రూను సైతము విడువలేదు. 1975లో నత్యవసరపరిస్థితి ప్రకటింపఁబడిన కొన్ని మాసములకే యా పత్రిక ముగిసెను. ఆ 1975 డిసెంబరులోనే యబూ అబ్రహాము వ్రాసిన చిత్రమున రాష్ట్రపతి స్నానపుతొట్టిలో నుండియే యార్డినెన్సులపై సంతకములు చేయుచుండును. రాజ్యాంగపదవి యంత తేలికయైపోయినదన్న విమర్శనమును జెప్పుటకు నూఱు పుటల గ్రంథముకంటె నా తొట్టియే సమర్థమయ్యెను.

రసదృష్టి

భరతుఁడు హాస్యరసమునకు హాసమును స్థాయిగాను, వికృతమైన వేషాలంకారవాక్కులు మొదలగువానిని విభావములుగాను జెప్పెను. హాస్యము తనయందు నిలుచునది, పరులయందు నిలుచునది యని రెండు విధములు. స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము అని దాని భేదము లాఱు. మొదటి రెండు నుత్తమప్రకృతులకును, నడిమి రెండు మధ్యములకును, తుది రెం డధములకును జెందునవి. అభినవగుప్తుఁ డింకను లోఁతునకుఁ బోయి, అనౌచిత్యమే హాస్యమునకు మూలమనియు, ఏ రసమైనను దగనిచోట నాభాసమైనపుడు హాస్యముగాఁ బరిణమించుననియు వ్యాఖ్యానించెను.

రాజకీయహాస్యమున కీ వ్యాఖ్యానమే తాళపుచెవి. ఎండిన చెఱువుగట్టున నిలిచి జలసమృద్ధినిగూర్చి యుపన్యసించు నాయకుని మాట వీరరసాభాసము. నిన్నటిదాఁక దూషించిన పక్షమున నేఁడు చేరి కన్నీరు కార్చువాని భక్తి శృంగారకరుణముల రెంటి యాభాసము. ఇట్టిచోట మీము చేయువాఁడు క్రొత్తగాఁ గల్పింపవలసినది లేదు. మాటకును జేఁతకును నడుమ నున్న యెడమును జూపిన చాలును. ఆలంకారికపరిభాషలోఁ జెప్పినచో నుత్తమమైన మీములలోఁ బెక్కు వ్యాజస్తుతులే: నాయకుని పొగడ్తనే గైకొని, యా పొగడ్త నిలువని చిత్రముప్రక్క నుంచుట. నింద శబ్దమున లేదు. రెండు వస్తువుల సామీప్యమునుండి ధ్వనించుచున్నది. పాఠకుఁ డా యెడమును దానే పూరించుకొనును. అట్లు పూరించుకొనుటలోనే యానందము గలదు.

దోషములు

గుణములు చెప్పిన పిమ్మట దోషములు దాఁచుట విమర్శనము గాదు. మొదటి దోషము సందర్భలోపము. చాటువు తన కథను వెంటఁబెట్టుకొని పోవును. మీమున కా యలవాటు లేదు. ఎవ్వఁ డెప్పు డేల పలికెనో తెలియక, బొమ్మయు మాటయు మాత్రమే తిరుగును. సగము వాక్యమును గోసి చూపినచో విరుద్ధార్థము వచ్చుట వ్యాఖ్యాతల కందఱికిని దెలిసినదే.

రెండవది యసత్యము. నాయకుఁడు పలుకని మాటను బలికినట్లును, చేయని పనిని జేసినట్లును బొమ్మలు, గొంతులు గల్పించుట నేఁ డతిసులభ మయ్యెను. అతిశయోక్తి హాస్యమునకు భూషణము. కాని యతిశయోక్తికి మూలమైన వస్తు వుండవలెను. కల్పనయని తెలియునట్లు కల్పించుట కావ్యము. సత్యమని నమ్మించుటకుఁ గల్పించుట కూటసాక్ష్యము. 2018లో వదంతులు నమ్మిన మూఁకలు మనదేశమున నమాయకులను జంపిన పిమ్మట వాట్సాప్ సంస్థ యొక్క సందేశమును నొక్కమాఱు ఐదుగురికి మించి పంపకుండ హద్దు విధింపవలసివచ్చెను. అవి హాస్యములు గావు. అయినను హాస్యము నడచు త్రోవయు, వదంతి నడచు త్రోవయు నొక్కటియే యని యా సంఘటనములు తెలిపినవి. వేగము సత్యమును బరీక్షింపదు. పరీక్షించుట పంపువాని ధర్మము.

మూఁడవది జాతిదేహాధిక్షేపము. నాయకుని చేఁతకుఁ గాక యాతని నల్లఁదనమునకు, నత్తికి, కులమునకు, ఆఁడునాయకురాలైనచో నామె స్త్రీత్వమునకు నవ్వునట్టి రచనలు లెక్కకు మిక్కిలి. ట్రోలు చేయుట యని వ్యవహరింపఁబడుచున్న దిందుఁ బెక్కుపాళ్లు హాస్యము గాక మూఁకదూషణము. భరతుఁ డధమప్రకృతులకుఁ జెప్పిన యతిహసితమునకుఁ గూడ నిది క్రిందిమెట్టు. పుట్టుక యెవ్వఁడు నెంచుకొనునది కాదు, చేఁత యెంచుకొనునది. ఎంచుకొన్నదానికే నవ్వఁబడుటకు బాధ్యత గలదు.

నాలుగవది, అన్నిటికంటె సూక్ష్మమైనది, కూలిహాస్యము. విదూషకుఁడు రాజుప్రక్కనే యుండి రాజును నవ్వును. వందిమాగధుఁడు రాజు కూలి దిని రాజును బొగడును. నేఁడు రాజకీయపక్షములు సామాజిక మాధ్యమములకై ప్రత్యేకవిభాగములు నెలకొల్పుకొని, ప్రత్యర్థులను బరిహసించు మీములను దామే చేయించుచున్నవి. ఆ మీము పైకి విదూషకుని మాటవలె నుండును. లోపల వందిమాగధుని పాట. పాలకుని నవ్వుచున్నామని తలఁచు పాఠకుఁ డట్టిచోట మఱొక పాలకుని భేరి మ్రోయించుచున్నాఁడు. హాస్యమును బరీక్షించునపుడు ఎవనినిఁ జూచి నవ్వుచున్నా రన్న ప్రశ్నతోఁ బాటు, ఎవని సొమ్ముతో నవ్వుచున్నా రన్న ప్రశ్నయు వేయవలసియున్నది.

ఈ పరీక్షకు నిలిచిన హాస్యకారునకుఁ గలుగు కష్టమును ఈజిప్టుదేశపు దృష్టాంతము తెలుపుచున్నది. వృత్తిచే హృదయశస్త్రవైద్యుఁడైన బాసెమ్ యూసఫ్ 2011లో యూట్యూబున చిన్న చిన్న హాస్యప్రసంగములతో నారంభించి, పిమ్మట దూరదర్శనమున దేశమంతటను బ్రసిద్ధుఁ డయ్యెను. 2013లో నప్పటి యధ్యక్షుఁడైన మోర్సీని బరిహసించెనని విచారణకుఁ బిలువఁబడెను. ఆ సంవత్సరమే ప్రభుత్వము మాఱినది. క్రొత్త పాలకులచుట్టు నల్లుకొన్న భజననుగూడ నాతఁడు పరిహసింపఁగా నా ప్రదర్శనము నిలుపఁబడి, తుదకు 2014లో నంతరించినది. తమ విరోధిని నవ్వినన్నినాళ్లు చప్పట్లు గొట్టినవారిలోఁ బలువురు తమవారిని నవ్విన నాఁడు చప్పట్లు మానిరి. హాస్యమునందలి ప్రీతి నిజమైనదో, పక్షపాత మాత్రమో తేల్చున దా రెండవ నాఁడే.

చట్టమును, ఔచిత్యమును

ఇన్ని దోషములుండఁగా దీనిని దండశాస్త్రమునకే యొప్పగింపరాదా యను ప్రశ్న సహజము. మనదేశ మా ప్రయోగమును జేసి చూచినది. 2009లో నమలులోనికి వచ్చిన సమాచారసాంకేతిక చట్టపు 66ఏ ప్రకరణము, తీవ్రముగా నొప్పించు సందేశములు పంపువారికి మూఁడేండ్లవఱకుఁ జెఱ విధింప వీలు గల్పించెను. ఎవనికి నొప్పి? ఎంత నొప్పి? దానికి మానదండము లేదు. 2012 ఏప్రిలులో జాదవ్‌పూరు విశ్వవిద్యాలయపు టాచార్యుఁ డొకఁడు పశ్చిమవంగ ముఖ్యమంత్రిపైని, రైలుమంత్రి మార్పుపైని వచ్చిన యొక వ్యంగ్యచిత్రమును బరులకుఁ బంపినందుకుఁ బట్టువడెను. ఆ చిత్రము సత్యజిత్ రాయ్ నిర్మించిన 'సోనార్ కెల్లా' చలనచిత్రములోని మాటల నాశ్రయించినది. అనఁగా ముందు చెప్పిన సమస్యాపూరణజాతికిఁ జెందినది. ఆ వ్యాజ్యమునుండి యాతనికి విముక్తి 2023 జనవరిలోఁ గలిగెను. నిమేషములోఁ బంపిన నవ్వునకుఁ బదియేండ్లకుఁ బైగా న్యాయస్థానముల చుట్టును దిరుగవలసివచ్చెను.

66ఏ ప్రకరణమును 2015 మార్చి 24వ తేదీన సర్వోన్నతన్యాయస్థానము రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది. తీర్పు వ్రాసినవారు రోహింటన్ నారిమన్ గారు. ధర్మాసనమున వారితోఁ గూర్చున్నవారు కృష్ణామండలమునకుఁ జెందిన జాస్తి చలమేశ్వరుగారు. పిమ్మట 2023లోఁ గేంద్రప్రభుత్వము తన కార్యములనుగూర్చిన వార్తలలో నేది యసత్యమో తన విభాగమే నిర్ణయించునట్లు నియమములు చేయఁగా, రాజకీయహాస్యమే వృత్తిగాఁ గల కునాల్ కామ్రా మొదలగువారు బొంబాయి హైకోర్టు నాశ్రయించిరి. 2024 సెప్టెంబరులో నా నియమము కొట్టివేయఁబడెను. నవ్వఁబడువాఁడే నవ్వునకు న్యాయాధిపతి కారాదన్న ధర్మ మీ రెండు తీర్పులనుండియుఁ దేలుచున్నది.

ఇక్కడనే సాహిత్యవిమర్శకునిబాధ్యత యారంభమగుచున్నది. కొట్టివేయఁబడిన చట్టము చేయలేకపోయిన వివేచనమును జేయుటకు శాస్త్ర మొక్కటి మనయొద్ద నున్నది. ఉపహసితమునకును నపహసితమునకును గల భేదమును, వ్యాజస్తుతికిని దూషణమునకును గల యంతరమును, ఔచిత్యానౌచిత్యములను రక్షకభటుఁ డెఱుఁగఁడు. ఎఱుఁగవలె నని కోరుటయు న్యాయము గాదు. బడిపంతు లెఱుఁగును. తరగతిలో హాస్యరసమును బోధించునపుడు, విద్యార్థి సెల్‌ఫోనులో నిత్యము చూచు లక్ష్యములనే యుదాహరించి, ఇది చేఁతను నవ్వినది, ఇది పుట్టుకను నవ్వినది, ఇది సత్యముపై నిలిచినది, ఇది కల్పితవాక్యముపై నిలిచినది యని విడమఱిచి చెప్పినచో, ఆ బాలుఁడు రేపు పంపఁబోవు సందేశమును బంపుటకుముం దొక క్షణ మాగును. ఆ యొక్క క్షణముకంటెఁ జట్ట మధికముగాఁ జేయఁగలది లేదు.

పరిశోధకుల కర్తవ్యము

వేఁటూరి ప్రభాకరశాస్త్రిగారు 20వ శతాబ్ది రెండవ దశకమునఁ 'జాటుపద్యమణిమంజరి'ని గూర్పకున్నచో నెన్నియో చాటువులు వృద్ధులతోడనే నశించియుండెడివి. ఆ కూర్పునకుముందు చాటువులను గ్రంథస్థము చేయఁదగిన వాఙ్మయముగా నెంచినవా రరుదు. నేఁటి హాస్యమునకు నట్టి సంగ్రహకర్త యింకను గావలసియున్నాఁడు. యంత్రములలో నుండునది శాశ్వతమని లోకుల భ్రమ. ఖాతా మూసివేయఁబడినను, సంస్థ చేతులు మాఱినను, పంపినవాఁడు భయపడి తుడిచివేసినను నది తాళపత్రముకంటె శీఘ్రముగా నశించును.

అట్టి సంగ్రహము చేయువారు పాటింపవలసిన నియమములు చాటుపరిశోధనమునుండియే గ్రహింపవచ్చును. శ్రీనాథుని పేరను, భీమకవి పేరను జేరిన కథలలో సత్యమెంతయో తేల్చుట కిప్పుడు పండితులు పడుచున్న శ్రమకుఁ గారణము, పద్యము పుట్టిన దినమును, సందర్భమును నా దినమే యెవరును వ్రాసియుంచకపోవుట. కాఁబట్టి మొదట తేదీయు, నాయకుఁడు నిజముగాఁ బలికిన పూర్ణవాక్యమును, బొమ్మ యే చలనచిత్రములోనిదో యా వివరమును వ్రాయవలెను. పిమ్మట పాఠాంతరములను జేర్పవలెను. ఒకే బొమ్మ రెండు పక్షములవా రెట్లు వాడికొనిరో చూపినచో హాస్యమునకుఁ బక్షము లేదో, పక్షమునకు హాస్యము లేదో తేలును. అధికారములేని సామాన్యులను నవ్వులపాలు చేసినవానిని విడిచివేయవలెను. అన్నిపక్షముల నాయకులపైఁ బుట్టినవానిని సమముగాఁ జేర్పవలెను. ఒక్క పక్షపు నాయకులపైఁ బుట్టినవే చేర్చినచో నది సంగ్రహము గాదు, కరపత్రము.

అట్లు కూర్చిన సంపుటములోఁ దొంబదిపాళ్లు పొల్లుగాఁ దేలవచ్చును. చాటువులలోను నంతియే, మణిమంజరికి వెలుపల రాలిపోయిన పద్యము లెన్నియో. మిగిలిన పదిపాళ్లలో నీ కాలపు జను లేమి సహించిరో, దేనిని సహింపలేకపోయిరో, ఎవనియెదుట మాటాడ భయపడి యెవనిని జూచి నవ్విరో తెలియును. శాసనములు పాలకులు తమనుగూర్చి తాము చెప్పుకొన్న మాటలను నిలిపినవి. పాలితులు వారినిగూర్చి చెప్పుకొన్న మాటలను జాటువులు నిలిపినవి. రెంటిని జేర్చి చదివిననే గాని చరిత్ర పూర్ణము గాదు. నేఁటి కాలమునకుఁ జెందిన రెండవ సగ మిప్పుడు దినదినమును దుడిచివేయఁబడుచున్నది.